యంత్రానికీ ధారణాపరీక్ష



"సిస్టమ్ రిస్టోర్ చేశాక ల్యాప్‌టాప్ మందగించింది. మెమరీ పోయిందట, కొత్తది కొనుక్కోమంటున్నారు" అన్న మాట నా ఈడువారి నోట తరచు వినవస్తోంది. పింఛనుపై జీవించేవారికి అది చిన్న వ్యయం కాదు. మరమ్మతు దుకాణంవారి తీర్పును పరీక్షింపక అంగీకరించరాదని నా దృఢాభిప్రాయం.

చిక్కంతా మాటలోనే ఉన్నది. రెండు వేర్వేరు వస్తువులను మనం మెమరీ అనే ఒకే పేరుతో పిలుస్తున్నాము. ర్యామ్ అన్నది అవధాని ధారణ వంటిది. సభ సాగినంతసేపే దానికి పని. విద్యుత్తు ఆగితే అందులోని సమస్తమూ తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కు గ్రంథాలయం వంటిది. సిస్టమ్ రిస్టోర్ ఆ గ్రంథాలయంలోని కొన్ని అరలను, అనగా సిస్టమ్ ఫైళ్లను, రిజిస్ట్రీని, డ్రైవర్లను, ప్రోగ్రాములను, పాత తేదీనాటి అమరికకు తెస్తుంది. మన రచనల జోలికి పోదు. ఆ తేదీ తరువాత స్థాపించుకొన్న తెలుగు కీబోర్డు వంటివి మాత్రం మాయం కావచ్చు. ర్యామ్ చిప్పులను అది పెంచనూ లేదు, చెరపనూ లేదు.

మరి ఈ మందగమనమెందుకు? పాత డ్రైవర్లు తిరిగి రావడం, అప్‌డేట్లు మళ్లీ దిగుమతి కావడం, వైరస్ నిరోధకం ఫైళ్లన్నిటినీ తిరిగి గాలించడం వంటివి కారణాలు కావచ్చు. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టి చూడాలి. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనడం తర్కం కాదు గదా!

పరీక్షకు పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపై మెమరీ చూడండి. కొన్నప్పుడు 8 జీబీ అని బిల్లులో ఉంటే ఇక్కడా దాదాపు 8 కనబడాలి. 4 మాత్రమే కనబడితే ఒక ర్యామ్ పలక వదులైందేమో, చెడిందేమో విచారించాలి. ఖాళీ తక్కువగా ఉన్నదని బెంగపడనక్కరలేదు. తరచు వాడేవాటిని విండోస్ ముందుగానే ధారణలో ఉంచుకొని, అవసరమైనప్పుడు చోటు విడుస్తుంది. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే వాడకం ఎప్పుడూ 90 శాతం దాటుతుంటే, ఏ ప్రోగ్రాము మింగుతున్నదో ప్రాసెసెస్ జాబితాలో వెదకాలి.

చిప్పుపైనే అనుమానముంటే, తెరచిన పనులన్నీ భద్రపరచి, వెదుకు పెట్టెలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని టైపు చేయండి. యంత్రం పునఃప్రారంభమై తన్ను తానే పరీక్షించుకుంటుంది. లాగిన్ అయ్యాక ఫలితం చెబుతుంది. దోషమున్నదని తేలితే అది నిజంగా పట్టించుకోవలసిన విషయమే. అప్పుడైనా అనేక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ పలకను మాత్రం మార్పించుకోవచ్చు; పలుచని కొన్నింటిలో అది బోర్డుకే అతికి ఉంటుంది కనుక ముందే అడిగి తెలుసుకోవాలి.

కొత్త యంత్రం ఎన్నడూ వద్దని నా వాదం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగని పాత యంత్రాన్ని మార్చదలచితే అది ఆలోచింపదగిన కారణమే. "రిస్టోర్ వల్ల మెమరీ పోయింది" అన్నది మాత్రం కారణం కాదు. ప్రత్యక్ష ప్రమాణం మన చేతివేళ్ల కిందనే ఉండగా, ఒకరి ఊహపై నమ్మకముంచి పింఛను సొమ్ము ధారపోయకండి.