చిట్టెలుక కదలకపోతే నొప్పి తగ్గినట్టేనా? అశ్వగంధ పరీక్షలు చెప్పేది ఎంత

నొప్పి తగ్గిస్తుందనీ, నిద్ర పట్టిస్తుందనీ చెప్పే అశ్వగంధ మాత్రలు నేడు మందుల దుకాణాల్లోనే కాక ఆన్‌లైన్ విపణిలోనూ విరివిగా లభిస్తున్నాయి. తెలుగు ప్రాంతాల్లో పెన్నేరుగా పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం విథానియా సోమ్నిఫెరా. అందులో రెండో పదానికి నిద్ర తెచ్చేదని అర్థం. డబ్బాపై 'శాస్త్రీయంగా నిరూపితం' అన్న మాట కనిపించినప్పుడు ఆ నిరూపణ ఎవరిపై జరిగిందని కొనుగోలుదారు అడగడు. చాలా మూలికల విషయంలో జవాబు చిట్టెలుకలపై అనే.

ఆ పరీక్షలు సరళమైనవే. సుమారు 55 డిగ్రీల సెల్సియస్ వేడిగల పలకపై చిట్టెలుకను ఉంచి, అది పాదం నాకడానికో ఎగరడానికో ఎన్ని సెకన్లు తీసుకుందో లెక్కిస్తారు. పొట్టలోకి పలుచని ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో చూస్తారు. మత్తు గుణం తేల్చడానికి పెంటోబార్బిటాల్ ఇచ్చి, మూలిక సారం వల్ల నిద్ర ఎంత పొడిగిందో కొలుస్తారు.

చిక్కు ఇక్కడే ఉంది. మత్తులో ఉన్న ఎలుక నొప్పి కలిగినా పాదం నాకదు, మెలికలు తిరగదు. ఒకే సారానికి నొప్పి నివారణ, మత్తు రెండూ ఉన్నాయని ప్రకటించే పరిశోధనలో మొదటిది రెండోదాని నీడ కావచ్చు. తిరిగే కడ్డీపై ఎలుక పట్టు తప్పుతోందా అని విడిగా పరీక్షిస్తే తప్ప ఈ తేడా తెలియదు. నిద్ర పరీక్షకూ ఇదే లోపం. మూలిక సారం కాలేయంలోని ఎంజైములను అడ్డుకుంటే పెంటోబార్బిటాల్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, నిద్ర పొడుగుతుంది. అది మూలిక మత్తు కాదు, మరో మందు విరుగుడు ఆలస్యం కావడమే. నిద్రమాత్రలు వాడే రోగికి ఇది ప్రయోజనం కాదు సరికదా, ప్రమాదం.

మనుషులపై పరీక్షలు లేవని కాదు. మోకాలి నొప్పి ఉన్న 60 మందికి 12 వారాలపాటు అశ్వగంధ సారం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన అధ్యయనాన్ని హైదరాబాద్‌లోని నిమ్స్ వైద్యులు 2016లో ప్రచురించారు. 125, 250 మిల్లీగ్రాముల మోతాదులను విడివిడిగా పరీక్షించడం దాని బలం. మూడు బృందాలుగా విభజించిన 60 మంది సంఖ్య దాని పరిమితి.

నిద్ర విషయంలో మరింత ఆసక్తికరమైన ఫలితం జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం నుంచి 2017లో వచ్చింది. చిట్టెలుకలకు నిద్ర పట్టించింది ఆకులోని ట్రైఇథిలీన్ గ్లైకాల్ అని ఆ బృందం తేల్చింది. వితనోలైడ్లు అధికంగా ఉన్న ఆల్కహాల్ సారం నిద్ర తేలేదు. విపణిలోని మాత్రలు సాధారణంగా గొప్పగా చెప్పుకునేది వితనోలైడ్ల శాతాన్నే. పైగా ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. నిద్ర కోసం కొన్న డబ్బాలో నిద్ర తెచ్చే పదార్థం ఉందో లేదో చెప్పే లెక్క లేబుల్‌పై ఉండదన్నమాట.

దీనికి భిన్నమైన దారిని సర్పగంధ ఎప్పుడో చూపింది. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రోగులపై దాని ప్రభావాన్ని నమోదు చేశారు. 1949లో ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు రోగులపై ఫలితాలను బ్రిటిష్ వైద్య పత్రికలో వెల్లడించారు. 1952లో స్విస్ సంస్థ సీబా రసాయన శాస్త్రవేత్తలు రిసర్పిన్‌ను వేరుచేశారు. పదార్థం, మోతాదు స్పష్టమైనందువల్లే, కొందరు రోగుల్లో కుంగుబాటు కనిపించినప్పుడు వైద్యులు దాన్ని గుర్తించగలిగారు.

మూలికల నుంచి తీసిన శుద్ధ భాగాలను ఆధునిక ఔషధాల్లా పరీక్షించే మార్గాన్ని కేంద్రం 2015లో తెరిచింది. కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి కొలవాలన్నది అందులోని షరతు. ఖర్చు, కాలం ఎక్కువ పట్టే ఆ దారిని పక్కన పెట్టి, శాస్త్ర గ్రంథాల ప్రస్తావన ప్రధాన ఆధారంగా చెల్లే ఆయుర్వేద లైసెన్సు గానీ, ఆహార పూరకం హోదా గానీ పొందడం సంస్థలకు సులువు. డెన్మార్క్ 2023లో అశ్వగంధను ఆహార పూరకాల్లో నిషేధించింది. థైరాయిడ్, లైంగిక హార్మోన్లపై ప్రభావం గురించిన సందేహాలే ఆ దేశం చూపిన కారణం.