ముళ్లు రాలని వైరస్

వానాకాలం వచ్చిందంటే మా ఉప్పాడకి రెండు భయాలు. ఒకటి ఒడ్డును కోసుకుపోయే సముద్రం, రెండోది జ్వరాలు. ఆమధ్య మా పక్కింట్లో మగ్గం మూడు వారాలు ఆగిపోయింది. నేసే ఆవిడకి డెంగీ. జాందానీ చీర సగంలో ఉండిపోయింది. చూడ్డానికెళ్తే, "రోజూ ప్లేట్‌లెట్లు లెక్కెడుతున్నారు గానీ, దీనికి మందు లేదా మాస్టారూ?" అని అడిగింది.

"వైరస్‌ని చంపే మందైతే ఇంకా లేదమ్మా. నీళ్లు తగ్గకుండా చూసుకోవడం, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం" అన్నాను. ఇంత సైన్సు ఉండి కూడానా అన్నట్టు చూసింది.

సైన్సు ఊరికే కూర్చోలేదు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ కూన్, మైకేల్ రాస్‌మన్ బృందం 2002లో డెంగీ వైరస్ రూపాన్నీ, 2003లో దాని పసిరూపాన్నీ బయటపెట్టింది. 2017లో అక్కడే విద్యా మంగళ ప్రసాద్ తదితరులు జికా వైరస్ పసిరూపాన్ని చూపించారు.

ఎలా చూశారంటారా? వైరస్ ఉన్న నీటి చుక్కని, మంచు పలుకులు కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా, రెప్పపాటులో గడ్డకట్టిస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వేల ఫొటోలు తీస్తారు. ఒక్కో ఫొటో మసకే. అన్నిటినీ కంప్యూటర్ కలిపితే రూపం తేలుతుంది. జాందానీలో ఒక్క పోగు చూస్తే ఏం తెలుస్తుంది? వరసలు పడ్డాకే గదా పువ్వు కనిపించేది!

అలా తేలిందేమిటంటే, పెద్దదైన డెంగీ వైరస్ నున్నటి బంతి. పసిదానికి మాత్రం ఒంటినిండా 60 ముళ్లు. ఒక్కో ముల్లులో మూడు జంటల ప్రొటీన్లు. మన కణంలోకి గుచ్చుకునే మొనకి, కత్తికి ఒరలాగా, ఒక తొడుగు ఉంటుంది. అది లేకపోతే వైరస్ పుట్టిన కణానికే అతుక్కుపోతుంది. బయటికొచ్చే దారిలో ఫ్యూరిన్ అనే ఎంజైము ఆ తొడుగుని కత్తిరిస్తుంది. బయటపడ్డాక తొడుగు రాలిపోతుంది. విచిత్రమేమిటంటే, ఆ ఫ్యూరిన్ వైరస్‌ది కాదు, మన కణానిదే!

కొన్ని వైరస్‌లు కత్తిరింపు పూర్తికాకుండానే బయటికొస్తాయి. పూర్తిగా పసివైతే వాటంతట అవి ఏమీ చెయ్యలేవు. కానీ పాత డెంగీ వల్ల ఒంట్లో మిగిలిన కొన్ని యాంటీబాడీలు వాటిని మోసుకెళ్లి మన కణంలోనే దించుతాయని 2010లో పరిశోధకులు చూపించారు. అక్కడ మళ్లీ మన ఫ్యూరినే మిగతా పని పూర్తి చేస్తుంది. డెంగీలో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం వస్తే ప్రాణం మీదికి రావడానికి ఇలాంటి యాంటీబాడీలూ ఒక కారణమంటారు. కాబట్టి "ఒకసారి వచ్చి పోయిందిలే" అన్న ధీమా వద్దు. జ్వరం తగ్గుతున్నప్పుడే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఈ దోమ పగలే కుడుతుంది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చునే వాళ్లకి ఇంతకన్నా చెప్పాలా?

మొన్న ఆవిడ మళ్లీ మగ్గమెక్కింది. ఇదంతా చెబితే ఆశ్చర్యపోయి, "అయితే కత్తెర మనింట్లోదేనన్నమాట!" అంది.

"నీళ్ల డ్రమ్ము కూడా మనింట్లోదేనమ్మా. వారానికోసారి దాన్ని ఒంపేసి తోమితే చాలు" అన్నాను.

వెంటనే కొడుకుని కేకేసింది.