గోల్ఫ్ ఐరన్స్ కొంటున్నారా? మీ బెస్ట్ షాట్ కాదు, చెత్త షాట్ చూసి కొనండి

ఈ మధ్య కాలంలో నేను చేసిన అతి చెత్త కొనుగోలు ఫోన్ కాదు, ఇయర్‌బడ్స్ కాదు. ఏడు ఇనప కడ్డీలు. గోల్ఫ్ భాషలో ఐరన్స్. సెకండ్ హ్యాండ్‌లో నలభై వేలు పెట్టి కొన్నా. బెంగళూరులో ఉద్యోగం, ఆఫీసు వాళ్లతో వీకెండ్‌లో డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటై, ఆ మోజులో కొనేశా. అదే ఎండాకాలం అనంతపురం పక్కన మా చేలో నాన్న వేయించిన బోరు ఎండిపోయింది. ధర ఎంతో ఇంట్లో ఇప్పటికీ కరెక్ట్‌గా చెప్పలేదు.

ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు మొదటి జీతాలు దాచుకుని, సరిగ్గా అలాంటి కడ్డీలే కొంటానంటున్నాడు. "అన్నా, చూడ్డానికి ఎంత సన్నగా ఉన్నాయో చూడు" అని ఫొటోలు పంపుతున్నాడు. వాడికి ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇక ఇక్కడే రాసేస్తున్నా. గాడ్జెట్ సైట్‌లో గోల్ఫ్ ఏంటి అనుకోకండి. స్పెక్ షీట్ చూసి మోసపోవడం అనే సబ్జెక్ట్ మనకి కొత్తేం కాదు కదా.

నేను కొన్నవి బ్లేడ్స్. వెనక వైపు నున్నగా, ఒకే ముద్ద స్టీల్, పల్చటి అంచు. టైగర్ వుడ్స్ కెరీర్ అంతా ఆడింది ఈ రకంతోనే. బంతి ఫేస్ మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలీదు, వెన్నలా ఉంటుంది. నిజం చెప్తున్నా, ఆ ఫీల్ అద్భుతం. కాకపోతే నాకు అది ఇరవై షాట్లకి ఒకసారి వచ్చేది. మిగతా పంతొమ్మిదిలో కొన్ని టో వైపు, కొన్ని హీల్ వైపు తగిలి, మోచేతి దాకా జివ్వుమని లాగేది. బంతి వంద గజాలు కూడా పోయేది కాదు.

ఇందులో ఫిజిక్స్ సింపుల్. కావడి మోసేవాళ్లని చూశారా? బద్దకి రెండు చివర్లా బిందెలు వేలాడుతుంటాయి. ఆ మనిషి గబుక్కున పక్కకి తిరగలేడు, బరువు చివర్లో ఉంది కాబట్టి. అవే రెండు బిందెలు రొమ్ముకి ఆనించి పట్టుకుంటే, బరువు మారకపోయినా ఈజీగా తిరగొచ్చు. బ్లేడ్‌లో బరువంతా మధ్యలో ఉంటుంది. బంతి కొంచెం పక్కన తగిలిందంటే హెడ్ చేతిలో తిరిగిపోతుంది, దిశ మారుతుంది, స్పీడ్ పోతుంది. క్యావిటీ బ్యాక్ ఐరన్ అంటే వెనక గుల్ల చేసి, తీసిన బరువుని అంచులకి నెట్టినది. కావడి అన్నమాట. పక్కన తగిలినా అంత తేలిగ్గా తిరగదు. ఫర్గివింగ్ అని కంపెనీలు ఊదరగొట్టే మాటకి అసలు అర్థం ఇదే, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా ఎక్కువ అని.

ఈ ఐడియాని పట్టుకుని బిజినెస్ చేసినాయన ఎవరో తెలిస్తే మీకు నచ్చుతాడు. కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఇంజనీర్, జనరల్ ఎలక్ట్రిక్‌లో పని చేసేవాడు. గోల్ఫ్ మొదలుపెట్టింది నలభై దాటాక. పటింగ్ సరిగ్గా రాలేదు. తప్పు తనలో ఉందని ఊరుకోకుండా క్లబ్‌లో ఏం తప్పుందని వెతికాడు. 1959లో గ్యారేజ్‌లో తయారు చేసిన పటర్‌లో బరువుని రెండు చివరలకీ సర్దాడు. కొడితే 'పింగ్' అని మోగింది. కంపెనీ పేరు అక్కణ్నించే వచ్చింది. తర్వాత అదే సూత్రం ఐరన్స్‌కి పెట్టాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 సెట్లు ఇప్పటికీ కొందరి బ్యాగుల్లో కనిపిస్తాయి.

టెన్నిస్‌లోనూ ఇదే కథ జరిగింది. మా అనంతపురం వాళ్లకి గోల్ఫ్ కన్నా టెన్నిస్ దగ్గర. 2010లో రాఫెల్ నాదల్ ఫౌండేషన్, ఆర్డీటీ కలిసి ఇక్కడి స్పోర్ట్స్ విలేజ్‌లో స్కూల్ పెట్టాయి. పిల్లలు పట్టుకునే వెడల్పాటి రాకెట్ కూడా ఒక ఇంజనీర్ పుణ్యమే. హోవర్డ్ హెడ్ అనే ఆయన విమానాల ఫ్యాక్టరీలో పని చేసి, మెటల్ స్కీలు చేసి డబ్బు సంపాదించి, ఆ తర్వాత టెన్నిస్‌కి దిగి ఘోరంగా ఆడేవాడు. రాకెట్ చేతిలో తిరిగిపోతోందని విసుగొచ్చి దాని తలనే పెద్దది చేశాడు. 1976లో ప్రిన్స్ బ్రాండ్ మీద 110 చదరపు అంగుళాల రాకెట్ వచ్చినప్పుడు చూసినవాళ్లు నవ్వారు. ఇవాళ పాత చెక్క సైజుతో ఆడే ప్రొఫెషనల్‌ని ఒక్కణ్ణి చూపించండి. (అన్నట్టు నాదల్ గోల్ఫ్ కూడా బాగా ఆడతాడు. టెన్నిస్‌లో ఎడమ చెయ్యి, గోల్ఫ్‌లో కుడి వాటం. ఆ ముచ్చట ఇంకోసారి.)

మరి నేను బ్లేడ్స్ తప్పు అని ఎప్పుడు ఒప్పుకున్నా? రేంజ్‌లో కాదు, మా చేలో. రేంజ్‌లో బంతి కింద ప్లాస్టిక్ మ్యాట్ ఉంటుంది. బంతికి అంగుళం వెనక నేలని కొట్టినా, క్లబ్ మ్యాట్ మీద జారి బంతికి తగిలేస్తుంది. మంచి షాట్ కొట్టినట్టే అనిపిస్తుంది. మ్యాట్ అంటే బ్యూటీ మోడ్ ఆన్ చేసి తీసిన సెల్ఫీ. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు శెనక్కాయ పీకిన చేలో ప్రాక్టీస్ బంతులు పెట్టి కొట్టా. నేల గుల్లగా ఉంది. బ్లేడ్ అంచు పారలా దిగబడింది. ఎర్రమట్టి మొహాన పడింది, బంతి మాత్రం ఉన్నచోటే ఉంది. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన క్యావిటీ బ్యాక్ కూడా బ్యాగ్‌లో ఉంటే తీసి కొట్టా. దాని అడుగు వెడల్పు. నేలలో దిగకుండా జారింది. అదే స్వింగ్, అదే తప్పు, కానీ బంతి లేచింది. సగం దూరమైనా పోయింది. గట్టు మీద నిలబడి చూస్తున్న నాన్న ఒకటే మాటన్నాడు: "ఆ లావుదే తెచ్చుకోకపోయినావా, ఆ సన్నదానికి పెట్టిన దుడ్డు దండగ గదరా."

నలభై వేలు పెట్టి నేను నేర్చుకోనిది ఆయన రెండు షాట్లకే పట్టేశాడు.

సరే, లావు ఐరన్ కొంటే పని అయిపోయిందా? లేదు, అసలు గేమ్ ఇక్కడే మొదలవుతుంది. మొన్న తమ్ముణ్ణి తీసుకుని ఒక షాపుకి వెళ్లా, పేరెందుకు. సేల్స్ కుర్రాడు లాంచ్ మానిటర్ ముందు నిలబెట్టి, "సార్, మీ పాత 7 ఐరన్ కన్నా ఇది పదిహేను గజాలు ఎక్కువ పోతోంది చూడండి" అన్నాడు. తమ్ముడి కళ్లు మెరిశాయి. నేను క్లబ్ లాఫ్ట్ అడిగా. లాఫ్ట్ అంటే ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉందో ఆ కోణం. ఆ మాట వినగానే టాపిక్ మార్చాడు.

సంగతేంటంటే, పాతకాలం 7 ఐరన్‌కి లాఫ్ట్ 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు బిగినర్స్‌కి అమ్మే చాలా సెట్లలో 28 నుంచి 30 మధ్య ఉంటోంది. పింగ్ జీ430లో 29. పాత లెక్కలో అది 5కీ 6కీ మధ్యలో ఎక్కడో ఉండే కడ్డీ. నంబర్ 7 అని చెక్కారు, అంతే. ఫోన్ కెమెరా మీద 200 మెగాపిక్సెల్ అని స్టిక్కర్ వేసి, సెన్సర్ సైజు గురించి నోరెత్తకపోవడం లాంటిదే ఇది. కంపెనీల వైపు నుంచి కూడా ఒక న్యాయమైన వాదన ఉంది, దాచను. బరువు కిందికి దిగింది కాబట్టి బంతి మామూలుకన్నా పైకి లేస్తుంది, ఆ ఎత్తుని సరి చేయడానికి లాఫ్ట్ తగ్గించామంటారు. వేగంగా స్వింగ్ చేసేవాడికి అది నిజమే. నెమ్మదిగా స్వింగ్ చేసేవాడికి మాత్రం బంతి కింద నుంచి పోయి, స్పిన్ లేక, గ్రీన్ మీద పడి అవతలికి దొర్లిపోతుంది. ఎండాకాలంలో మన దక్కను నేల గట్టిగా ఉన్నప్పుడు ఇంకా దారుణం. అదే సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 41 డిగ్రీలు. తర్వాత మీ దగ్గర 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఉందనుకోండి, మధ్యలో 15 డిగ్రీల గుంత. దాన్ని పూడ్చడానికి ఇంకో రెండు క్లబ్బులు కొనాలి. ఆ ఖర్చు షాపువాడు ముందే చెప్పడు.

అందుకే లాంచ్ మానిటర్ దగ్గర దూరం అంకె వైపు చూడొద్దు. ఒక్క క్లబ్‌తో పది బంతులు కొట్టండి. బెస్ట్ రెండూ తీసి పక్కన పెట్టండి, అవి మీవి కావు, అదృష్టానివి. మిగతా ఎనిమిదిలో అతి దూరం పోయినదానికీ, అతి తక్కువ పోయినదానికీ మధ్య తేడా ఎంత? బంతి ఎంత ఎత్తు లేచింది, ఎంత నిటారుగా దిగింది? ఈ మూడూ చూస్తే చాలు. రెండు ఐరన్స్‌లో ఒకటి పదిహేను గజాలు ఎక్కువ పోయి, తేడా ముప్ఫై గజాలు ఉంటే, ఇంకోటి తక్కువ పోయి తేడా పన్నెండు గజాలే ఉంటే, నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటా. తేడా ముప్ఫై గజాలుంటే, గుంతకి అవతల పడుతుందో ఇవతల పడుతుందో మీకే తెలీదు.

మెషీన్ లేదా? పది రూపాయల వైట్‌బోర్డ్ మార్కర్ చాలు. బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఎక్కడ తగిలిందో ఫేస్ మీద ఇంకు మరక పడుతుంది. తమ్ముడితో పదిసార్లు కొట్టించా. మరకలు పెళ్లి ఇంటి గుమ్మం ముందు చల్లిన పసుపు నీళ్లలా ఫేస్ అంతా ఉన్నాయి. అప్పుడు వాడు బ్లేడ్ ఫొటోలు డిలీట్ చేశాడు.

ఓ మాదిరిగా ఆడేవాళ్లకి కూడా నేను చెప్పేది ఈ మార్కర్ టెస్టే. హ్యాండిక్యాప్ పదిహేనుకి వచ్చింది, ఇక ప్రో ఐరన్స్‌కి మారతా అనే తొందర చాలామందిలో చూశా. మరకలన్నీ బొటనవేలు పట్టేంత జాగాలో పడుతుంటే మారండి, నేనెందుకు వద్దంటా? అప్పుడు కూడా అన్నీ ఒకేసారి మార్చకండి. పొట్టి ఐరన్స్ సన్నవి, పొడుగు ఐరన్స్ లావువి కలిపి వాడొచ్చు. టూర్‌లో ఆడేవాళ్లే చాలామంది 4 ఐరన్ దగ్గరికొచ్చేసరికి క్యావిటీ పెట్టుకుంటారు, సిగ్గేం పడరు.

మన సాహిత్ తీగలనే తీసుకోండి. తల్లిదండ్రులు హైదరాబాద్ వాళ్లు, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ కొట్టాడు. బ్యాగ్ పింగ్‌దే, అంటే ఆ గ్యారేజ్ ఇంజనీర్ కంపెనీది. కానీ సాహిత్ వాడే మోడల్ పేరు గూగుల్ చేసి అదే కొనడం అంటే, ఇన్‌స్టాలో ఎవరో సినిమా కెమెరాతో తీసిన రీల్ చూసి అదే కెమెరా కొనడం లాంటిది. బ్రాండ్ ఒకటే అయినా అతని కడ్డీ వేరు, మీ కడ్డీ వేరు.

మరి ఏం కొనాలి? పెద్ద బ్రాండ్ల కొత్త సెట్ ఇక్కడ లక్షకి అటూఇటూ ఉంటుంది, బిగినర్‌కి అంత అక్కర్లేదు. రెండు మూడు తరాల వెనకటి సెకండ్ హ్యాండ్ సెట్ చూడండి: పింగ్ జీ410, జీ425, లేదంటే క్యాలవే, టేలర్‌మేడ్, క్లీవ్‌ల్యాండ్ వాళ్ల అదే రకం. ఫోన్ ప్రాసెసర్‌లా ఇది రెండేళ్లకి ముసలిదైపోదు. ఇంకా ఆట నచ్చుతుందో లేదో తెలీదంటే డెకాత్లాన్ ఇనెసిస్ సగం సెట్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. రూల్ ప్రకారం 14 క్లబ్బులు మోయొచ్చు, కొత్తవాడికి ఏడు చాలు. 3, 4 ఐరన్స్ ఎవడైనా ఫ్రీగా ఇచ్చినా ఇంట్లో పెట్టి, వాటి బదులు హైబ్రిడ్ తీసుకోండి.

వాడినవి కొనేటప్పుడు ఫేస్ గీతలు అరిగిపోయాయా చూసుకోండి. గ్రిప్‌లు గట్టిపడి ఉంటే మార్చడానికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించుకోండి. పింగ్ అయితే హెడ్ మీద చిన్న రంగు చుక్క ఉంటుంది, అది లై యాంగిల్ గుర్తు. నల్ల చుక్క స్టాండర్డ్. వేరే రంగు ఉందంటే ఎవరో పొడుగు మనిషికో పొట్టి మనిషికో వంచి సర్దినవి, మీకు సరిపోకపోవచ్చు. సీరియల్ నంబర్ లేకపోతే, చెరిపేసి ఉంటే, ధర ఎంత ఊరించినా వచ్చేయండి. నకిలీలు బాగా తిరుగుతున్నాయి. షాఫ్ట్ విషయంలో 'స్టిఫ్' అని రాసుంటే మగతనం అనుకునే పిచ్చి ఒకటుంది. మొదట్లో రెగ్యులర్ ఫ్లెక్స్ చాలామందికి సరిపోతుంది. నాలా మోచెయ్యి నొప్పి ఉంటే గ్రాఫైట్ తీసుకోండి.

తమ్ముడు చివరికి జీ410 సెట్ తీసుకున్నాడు, 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా. జేబులో ఇంకా కొంత మిగిలింది. నా బ్లేడ్స్ అమ్మకానికి పెట్టా, పదమూడు వేలు పోగొట్టుకుని వదిలించుకున్నా. ఒక్క 7 ఐరన్ మాత్రం కొన్నాయన వద్దన్నాడు, ఫేస్ పక్కన రాయి తగిలి సొట్ట పడిందని. అది ఇప్పుడు మా ఊళ్లోనే ఉంది. పోయిన ఆదివారం వెళ్తే నాన్న దాంతో చేనుగట్టు మీద కంపచెట్టు కొమ్మల్ని పక్కకి లాగుతున్నాడు. "ఇది బాగుందిరా, ఎంత పడింది?" అన్నాడు. మాట మార్చేశా.