సాంబారు పులిసిందని చెప్పేదెలా?

మన గల్ఫ్ క్యాంపుల్లో జీతం తర్వాత ఎక్కువ మాట్లాడుకునేది మెస్ గురించే. పప్పు నీళ్లలా ఉంది, అన్నం ముద్దయింది అని రాత్రి పన్నెండు దాకా చర్చ నడుస్తుంది. తీరా మెస్ నడిపే మనిషి ఎదురొచ్చి "ఎట్లుందన్నా తిండి?" అనడిగితే "మంచిగుంది తమ్మీ" అని వెళ్లిపోతాం. వచ్చే నెల చెప్పకుండా వేరే మెస్‌లో డబ్బులు కడతాం. పది మంది ఎందుకు మానేశారో పాపం ఆయనకు తెలియనే తెలియదు. ఆయన కూడా మనలాగే ఏజెంటు అప్పు తీర్చుకుంటున్నవాడే.

ఇంకో రకం వాళ్లున్నారు. ఫోటో తీసి, పేరు పెట్టి, "వీడు దొంగ, విషం పెడుతున్నాడు" అని వాట్సాప్ గ్రూపులో రాసేస్తారు. వీళ్లను చూస్తే నాకు భయం. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం 43వ ఆర్టికల్ ప్రకారం ఫోన్లోనో నెట్‌లోనో ఒకరిని దూషిస్తే జైలు, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా, లేదా రెండిట్లో ఒకటి. నిజమే రాశాను కదా అనే ధీమా పనికిరాదు. ఒక గిన్నెడు సాంబారు కోసం అంత అవసరమా?

ఇక్కడి పెద్ద హోటళ్లలో వైన్ తెప్పించుకున్న వాళ్లకు ముందు గ్లాసులో కొంచెమే పోసి రుచి చూడమంటారు. (మన దగ్గర వైన్ షాపు బోర్డులకు తక్కువ లేదు గానీ అందులో వైన్ అడిగేవాడే తక్కువ, అది వేరే సంగతి.) నచ్చిందో లేదో చెప్పడానికని చాలామంది అనుకుంటారు. కాదు, సీసా చెడిందేమో చూడటానికి. బిరడా వల్ల ఒక్కోసారి వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అప్పుడు "ఇది తేడాగా ఉంది, మీరూ ఒకసారి చూడండి" అంటే చాలు, సీసా మారుస్తారు. పోసినవాణ్ణి తిట్టే పని లేదు.

సైట్లో మేం చేసేదీ అదే. రెడీమిక్స్ బండి రాగానే స్లంప్ చూస్తాం, థర్మామీటర్ పెడతాం. 32 డిగ్రీలు దాటితే చాలా సైట్లలో కాంక్రీటు దిగనివ్వరు. డ్రైవర్‌ను ఏమీ అనం. "35 ఉంది భాయ్, వాపస్" అంటాం. అంకె చెబితే గొడవ ఉండదు.

మెస్‌లో కూడా నచ్చకపోవడం వేరు, చెడిపోవడం వేరు. కరీంనగర్ వాడికి చప్పగా ఉన్న కూర ఇంకొకడికి మంట. దానికి "నా వరకు కొంచెం కారం తక్కువైంది" అంటే సరిపోతుంది. పులిసిన సాంబారు అలాంటిది కాదు. తెల్లవారుజామున మూడింటికి వండి మూతపెట్టింది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండ విరామం మొదలయ్యే 12:30కి విప్పుతాం. వండిన తిండి 60 డిగ్రీలకు పైనన్నా ఉండాలి, 5 లోపలన్నా ఉండాలి. మధ్యలో గంటలకొద్దీ ఉంటే చెడక ఏమవుతుంది?

అందుకని నలుగురి ముందు కాదు, గిన్నెలు కడిగే వేళ పక్కకు పిలిచి చెప్పాలి. "తమ్మీ, ఆదివారం, మంగళవారం సాంబారు పులిసింది. మా రూములో నలుగురిదీ అంతే. పగటికి పులిహోర పంపు, సాంబారు రాత్రికి పెట్టు." లేని మెప్పు కలపనక్కర్లేదు. పచ్చడి బాగుంటే బాగుందని చెప్పండి, అంతే.

వాంతులు, విరేచనాలు అయితే మాత్రం మొహమాటం వద్దు. దుబాయ్‌లో ఉంటే మున్సిపాలిటీ 800900కు ఫోన్ చేయాలి. అధికారులకు చెప్పుకోవడం వేరు, గ్రూపులో తిట్టడం వేరు.

కంపెనీ మెస్ అయితే మానేసే వీలు కూడా ఉండదు. మా క్యాంపులో తేదీలు, రూము నంబర్లు వేసి, ఒక్క తిట్టు లేకుండా రాసి క్యాంప్ బాస్‌కు ఇచ్చాం. మూడో వారానికి మధ్యాహ్నం వంట తొమ్మిదింటికి మారింది, బండి పన్నెండుకు సైటుకొస్తోంది. కారం మాత్రం ఇప్పటికీ తక్కువే.