అన్న ఆటపెట్టె

అక్కలూ, చెల్లెళ్లూ! జిడ్డు వదిలించే చిట్కాలు ఎన్నో చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లో లేని వస్తువు పట్టుకొచ్చాను. నవ్వకండి, వీడియో గేమ్ పెట్టె!

1990ల చివర్లో మా అన్నయ్య ఇక్కడే నస్పూర్‌లో, సి.సి.సి. దగ్గర చిన్న గదిలో రెండు పెట్టెలు పెట్టి ఆడించేవాడు. షిఫ్టు దిగిన కుర్ర కార్మికులూ, బడి ఎగ్గొట్టిన పిల్లలూ అందరికీ ఒకటే ఆట కావాలి, ముస్తఫా. దాని అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనీ, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిందనీ మా అబ్బాయి ఈమధ్యే చెప్పాడు. అందులో ఒక ఆటగాడి పేరు ముస్తఫా. మనవాళ్లు ఆటకే ఆ పేరు పెట్టేసుకున్నారు. ఆడపిల్లలు ఆ గడప తొక్కకూడదు. అన్నకు సద్ది తీసుకుపోయి నేను బయటే నిలబడేదాన్ని.

అన్న పోయి రెండేళ్లయింది. మిగిలిన ఒక్క పెట్టె వదిన కిరాణా కొట్టు వెనక పడి ఉంది. పాత సామాన్లవాడు తూకానికి అడిగాడు. "ఇచ్చేద్దాం పిల్లా, జాగన్నా కలిసొస్తది" అన్నది వదిన. నేను వారం గడువు అడిగాను.

ముందే ఒక హెచ్చరిక. పెట్టె లోపలి పిక్చర్ ట్యూబులో ప్లగ్గు పీకినా కరెంటు నిలవ ఉంటుంది. దాని జోలికి పోవద్దు, టీవీ మెకానిక్‌కే వదిలేయండి. మాకూ ఆయనే ముందు పలకను విప్పి చేతికిచ్చాడు. తీగలు ఊడదీసేముందు సెల్‌ఫోన్లో ఫోటో తీసుకున్నాను. అది లేకపోతే నా పని అయిపోయేది.

పలక కింద బొగ్గు పొడి, చెమట జిడ్డు కలిసి అట్ట కట్టాయి. మన ఊళ్లో అదెంత మొండిదో మీకు తెలుసు. బటన్ల కింది స్విచ్చులు వేరు చేసి, ప్లాస్టిక్ ముక్కలను మాత్రం అంట్ల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానేసి పాత బ్రష్‌తో తోమాను. ఒకదానికి తొందరపడి గోళ్లరంగు తుడిచే మందు రాశాను. ప్లాస్టిక్ కరిగి జిగురైంది, బటన్ పాడైంది. మీరు ఆ పని చేయకండి.

హ్యాండిల్ అడుగున కడ్డీకి చిన్న క్లిప్పు ఉంటుంది. గుడ్డ కప్పి తీయండి, లేకపోతే ఎగిరి ఎక్కడో పడుతుంది. కడ్డీ, స్ప్రింగు తుడిచి, రవ్వంత గ్రీజు రాస్తే చాలు. కొబ్బరినూనె వద్దు, నాలుగు రోజులకే దుమ్ము పట్టి బంకవుతుంది. స్విచ్చులకు నీళ్లు, నూనె ఏదీ తగలనివ్వకూడదు.

అన్నీ బిగించి ఆడిస్తే ముస్తఫా ఎడమకు పోతాడు, పైకీ కిందికీ పోతాడు, కుడికి మాత్రం కదలడు! కుడి పక్క స్విచ్చు మార్చాను. ఊహూ. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక అసలు కిటుకు అర్థమైంది. కర్ర మధ్యలో పట్టు ఉంటుంది కనుక పైభాగం కుడికి వంగితే కిందిభాగం ఎడమకు పోయి అక్కడి స్విచ్చును నొక్కుతుంది. అంటే పాడైంది ఎడమవైపు స్విచ్చు. మెకానిక్ మీటరు పెట్టి చూస్తే నొక్కినా 'బీప్' రాలేదు. కొత్తది వేయగానే టక్కుమన్నది. ఆ టక్కు శబ్దం గుమ్మం బయట నుంచి ఎన్నిసార్లు విన్నానో!

వదిన కొట్టు ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకుని, "మీ అన్న నన్నూ ఆడనియ్యలే" అన్నది. ముస్తఫా మొదటి వీధిలోనే చచ్చిపోయాడు. మళ్లీ ఆడింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

సోమవారం పాత సామాన్లవాడు మళ్లీ వచ్చాడు. వదిన వాడికి తుప్పు పట్టిన కూలరు తూకం వేయించి పంపింది.