డబ్బాకు తెలుగు రాదట!

పూర్వం ఇంట్లో పిలిస్తే పలికేవాళ్లు ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు అందరూ చెవుల్లో బొత్తాలు పెట్టుకుని కూర్చుంటున్నారు గనుక, పలికేందుకు ఒక డబ్బాను కొనుక్కోవలసి వచ్చింది. తుక్కుగూడలోని మా ఇంటికీ నిరుడు అటువంటిదొకటి దయచేసింది. కంపెనీ పేరు చెప్పను. దానికి ఉచిత ప్రచారం నేనెందుకు చేయాలి? చూడ్డానికి బోర్లించిన కొబ్బరిచిప్పలా ఉంటుంది. గొంతు మాత్రం ఆడపిల్లది. పనులు చెప్పడానికి ఆడగొంతే కావాలని ఏ మహానుభావుడికి తోచిందో!

మా అన్నయ్య లైట్లూ ఫ్యానూ దాని చేతిలో పెట్టాడు. నాయనమ్మ మొదటిరోజు "ఎవరి బిడ్డనో పాపం, గంత చిన్న డబ్బాల పెట్టిన్రు" అని జాలిపడింది. రాత్రి పడుకునేముందు "బిడ్డా, దీపం కొండెక్కించు" అంది. దీపం ఆర్పమనడం ఆమె దృష్టిలో అశుభం. డబ్బా ఒక్క క్షణం ఆలోచించి ఇంగ్లీషు పాట అందుకుంది. "బందు జెయ్యవే తల్లీ" అంటే గొంతు ఇంకా పెంచింది. చివరికి అన్నయ్య కొడుకు పరుగెత్తుకొచ్చి ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నాడు. చీకటి! ఎనభై యేళ్ల ఇంటి యజమానురాలి మాట చెల్లలేదు, అయిదేళ్లవాడి మాట చెల్లింది.

నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. వయసులో ఉండగా పాతబస్తీలో కూరగాయలమ్మిన అనుభవం ఆమెది. మూడోరోజు నడుం మీద చెయ్యి వేసుకుని "బత్తీ బంద్ కరో!" అని ఒక్క కేక పెట్టింది. లైటు ఠక్కున ఆరింది. "గిదేం పిల్లనే! ఉర్దూ వస్తదట గని తెలుగు రాదట!"

తప్పు దాని చదువుది. ఈ యంత్రం తన పేరు వినబడేదాకా చెవి ఒగ్గి ఉంటుంది. వినబడగానే మన మాటను ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు పంపుతుంది. అవి అంతకుముందు వేల గంటలపాటు విన్న మాటలతో పోల్చుకుని అర్థం చెబుతాయి. విననిది తెలియదు. మన దేశానికి అలెక్సా 2017లో ఇంగ్లీషుతో దిగింది, 2019లో హిందీ పట్టుబడింది. ఫోనుల్లోని గూగుల్ అసిస్టెంటు 2019లోనే తెలుగు అందుకుంది, మంచిదే. కానీ 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల పైచిలుకు మంది మాతృభాషగా చెప్పుకున్న మాట, మా ఇంటి గోడల మధ్య ఒక లైటును ఆర్పలేకపోయింది!

ఈలోగా మేమే మారుతున్నాం. అమ్మ "ఫ్యాను" అంటే అది వినదు, పెదవి కొరికి "ఫ్" అనాలి. నేనూ నాలుక వంకర తిప్పడం నేర్చాను. యంత్రం మన భాష నేర్వడం సంగతి అటుంచి, మనమే దాని యాసలోకి దిగిపోతున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

లేచి స్విచ్చు నొక్కుకోరాదా అని మిత్రులు అనవచ్చు. నిజమే, నాకు మోకాళ్లున్నాయి. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. చూపులేని మా క్లాస్‌మేట్ ఒకతను ఫోనుతో మాట్లాడే పాఠాలు చదువుకుంటున్నాడు. వాళ్లకిది వినోదం కాదు సుమా.

మన ఊరి పక్కనుంచే పోయే అవుటర్ రింగు రోడ్డు ఎక్కి చుట్టి పోతే గచ్చిబౌలి. అక్కడి ట్రిపుల్ ఐటీ వారు జనంచేత తెలుగు పలికించి పోగుచేసే పని చేపట్టారు. బెంగుళూరు ఐఐఎస్సీ, గూగుల్ కలిసి 2022లో "వాణి" అనే పేరుతో జిల్లా జిల్లాకూ తిరిగి మాటలు సేకరించే పనికి పూనుకున్నాయి. మన సంఘం ఏటా సావనీరు వేస్తుంది, క్రికెట్ ఆడిస్తుంది. వచ్చే ఏడు ప్రతి విద్యార్థీ తన ఇంటి పెద్దవాళ్ల మాట ఒక గంట, వాళ్ల అనుమతితోనే, రికార్డు చేసి ఇలాంటి సంస్థలకు అందజేస్తే ఏం పోయింది? వార్తలు చదివే తెలుగు కాదు, "గట్లనే", "జర", "బందు జెయ్యి" ఉన్న తెలుగు.

ముందు మా ఇంట్లోనే మొదలుపెడదామని నాయనమ్మను అడిగాను. శ్రద్ధగా వింది.

"నా మాటలు వట్టుకపోయి డబ్బాలు చేసి అమ్ముకుంటరు. మరి నాకేమిస్తరు?"

ఎకనామిక్స్ లెక్చరర్లు ఎవరైనా జవాబు చెబితే ఆమెకు అందజేస్తాను. అంతవరకు మా ఇంట్లో బత్తీ బంద్ కరో.