కొలనులో ఈత, ఏటిలో లోతు: బిలాస్‌పూర్ తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

బిలాస్‌పూర్ నగరాన్ని ఒరుసుకుంటూ సాగే అర్పా నది ఏడాదిలో అధిక భాగం ఇసుక మేటలతోనే కనిపిస్తుంది. వేసవిలో పిల్లలు ఆ ఇసుకలో ఆటలాడుకుంటారు. వానలు మొదలైన కొద్ది రోజులకే అదే చోట నీరు నిలుస్తుంది. 2023 జులైలో నగర శివారు గ్రామమైన సేంద్రి వద్ద స్నానానికి వెళ్లిన ముగ్గురు బాలికలు ఈ నదిలో మునిగి మరణించారు. అక్రమ ఇసుక తవ్వకాలతో ఏర్పడిన లోతైన గోతులే ఇందుకు కారణమని గ్రామస్థులు ఆరోపించారు. అర్పాలో తవ్వకాల వ్యవహారం ఈ నగరంలోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు విచారణకూ వచ్చింది.

ఏటా ఏప్రిల్ రాగానే నగరంలోని ఈత కొలనుల వద్ద సందడి మొదలవుతుంది. వేసవి శిబిరాల్లో పిల్లలను చేర్పించే తల్లిదండ్రుల సంఖ్య పెరగడం హర్షణీయమే. అయితే శిబిరాలు ముగిసి పాఠశాలలు తెరిచే జూన్ మధ్యనాటికి రుతుపవనాలు ప్రవేశిస్తాయి. నది, చెరువులు, గోతులు నిండుతాయి. శిక్షణ ఆగే సమయానికే ప్రమాద కాలం ఆరంభమవుతుంది. కొలనులో నెల రోజులు నేర్చినది ఏటి ఒడ్డున ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది ప్రతి తల్లీ తండ్రీ వేసుకోవలసిన ప్రశ్న.

లెక్కలు చెబుతున్న వాస్తవం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. గంటకు 30 మందికి పైగా అన్నమాట. మృతుల్లో 24 శాతం అయిదేళ్లలోపు చిన్నారులు. మరో 19 శాతం 5 నుంచి 14 ఏళ్ల మధ్య వయస్కులు. మరణాల్లో పదింట తొమ్మిది అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే సంభవిస్తున్నాయి. మన దేశంలో 2022 సంవత్సరానికి జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసిన మునక మరణాలు 38 వేలకు పైమాటే.

ఈ మరణాల్లో అత్యధికం ఈత కొలనుల్లో జరిగేవి కావు. ఇంటి దగ్గరి చెరువు, గట్టు లేని బావి, నిర్మాణ స్థలంలో నీరు నిండిన గుంత, కాలువ, నది వంటి చోట్లే ప్రాణాలు పోతున్నాయి. రుసుము చెల్లించి శిబిరంలో చేరే పిల్లలకూ, ఏటిలో ప్రాణాలు కోల్పోయే పిల్లలకూ మధ్య ఉన్న ఈ దూరమే సమస్యకు మూలం.

రైల్వే పట్టణం, నీటికి దూరమైన తరం

పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ప్రాంతానికి చేరింది. నేడు బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. రైలు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. తొలి తరం వారు సొరబుర్రలు, జీలుగు బెండ్లు నడుముకు కట్టుకుని ఊరి చెరువుల్లో ఈత నేర్చినవారు. పక్కన అన్నో, మేనమామో ఉండేవారు. ఏ రేవు దగ్గర మెట్టు జారుతుందో, ఎక్కడ సుడి ఉందో పెద్దలు చెప్పేవారు. ఈతతో పాటు ఆ నీటి స్వభావమూ పిల్లలకు తెలిసేది.

క్వార్టర్లలో పుట్టి పెరిగిన నేటి పిల్లలకు ఆ అవకాశం లేదు. వారికి నీరంటే కుళాయి, లేదా కొలను. వేసవి సెలవుల్లో కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో తాతగారి ఊరికి వెళ్లినప్పుడు ఒక్కసారిగా నాగావళి, వంశధార తీరాలు, పొలం బావులు, విశాఖ సముద్రం ఎదురవుతాయి. నెల రోజుల శిక్షణతో "మాకు ఈత వచ్చు" అన్న ధీమా అప్పటికే ఏర్పడి ఉంటుంది. తెలియని నీరు, తెలిసిందన్న ధైర్యం రెండూ ఒకేచోట కలవడం ప్రమాదకరం.

కొలనులో నీరు నిశ్చలంగా, తేటగా ఉంటుంది. అడుగు కనిపిస్తుంది, పట్టుకోవడానికి అంచు ఉంటుంది. నదిలో ఇవేవీ ఉండవు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీటిలో నడుస్తున్న బాలుడు తర్వాతి అడుగులోనే నిలువు లోతులోకి జారవచ్చు. గోతి అంచున ఇసుక వదులుగా ఉండి కాలికి ఆనదు. బురద నీటిలో గొయ్యి కంటికి కనబడదు. సముద్రంలోనైతే తీరం నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్ మంచి ఈతగాళ్లను సైతం అలసటకు గురిచేస్తుంది. దానికి ఎదురీదకుండా, తేలుతూ బలాన్ని కాపాడుకుని, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలన్న సంగతి చాలా శిబిరాల్లో పాఠంగా ఉండదు.

ఈత వచ్చినా తప్పించుకోలేని ప్రమాదాలూ ఉన్నాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలోకి లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీటిని వదలగా, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆనకట్టల దిగువన నదీగర్భంలోకి దిగకూడదన్న హెచ్చరిక కూడా జల భద్రతలో భాగమేనని ఆ దుర్ఘటన చాటింది.

ఏ వయసులో ఏమి నేర్పాలి

ఆరేళ్లు దాటిన పిల్లలకు ప్రాథమిక ఈత, జల భద్రత, సురక్షిత రక్షణ నైపుణ్యాలను నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఈ మూడింటినీ ఒకే పాఠంగా చూడాలి. ఏడాది నిండిన పిల్లలకు కూడా ఈత పాఠాలు మేలు చేయగలవనీ, నాలుగేళ్ల వయసుకు అధిక శాతం పిల్లలు అందుకు సిద్ధమవుతారనీ అమెరికా శిశువైద్య అకాడమీ అభిప్రాయం. ఏ వయసులో నేర్చినా మునగని పిల్లలంటూ ఉండరన్నది అన్ని సంస్థలూ చెబుతున్న మాట.

ఈత పాఠాల వల్ల దుడుకుతనం పెరిగి ప్రమాదాలు ఎక్కువవుతాయన్న భయం కొందరిలో ఉంది. బంగ్లాదేశ్ అనుభవం దీనికి సమాధానమిస్తుంది. 2006 తర్వాత అక్కడి గ్రామాల్లో 'స్విమ్‌సేఫ్' పేరిట నాలుగేళ్లు పైబడిన పిల్లలకు శిక్షణ ఇచ్చారు. ఖరీదైన కొలనులు కట్టలేదు. ఊరి చెరువుల్లోనే వెదురుతో వేదికలు, కంచెలు నిర్మించారు. ఇరవై అయిదు మీటర్లు ఈదడం, ముప్పై సెకన్లు తేలి ఉండడం, నీటిలోకి దిగకుండా ఇతరులను కాపాడడం అక్కడి ఉత్తీర్ణతకు కొలమానాలు. శిక్షణ పొందిన పిల్లల్లో మునక మరణాలు 90 శాతానికి పైగా తక్కువగా నమోదయ్యాయి. అంతకన్నా చిన్నవారి కోసం 'ఆంచల్' అనే శిశు సంరక్షణ కేంద్రాలను నెలకొల్పారు. తల్లులు ఇంటి పనుల్లో ఉండే ఉదయం వేళల్లో పిల్లలపై ఒక పెద్ద మనిషి దృష్టి ఉండేలా చూడడమే వాటి పని.

కనుక శిబిరం చివర "ఎన్ని రకాల ఈతలు వచ్చాయి?" అని అడగడం కన్నా ఈ ప్రశ్నలు ముఖ్యం. బిడ్డ హఠాత్తుగా లోతు నీటిలో పడితే పైకి తేలి ఊపిరి తీసుకోగలడా? వెల్లకిలా తిరిగి అర నిమిషం తేలగలడా? ఒడ్డు ఎటుందో చూసుకుని మళ్లగలడా? మెట్లు లేకుండా అంచు పట్టుకుని బయటికి రాగలడా? ఒంటి మీది రోజువారీ బట్టలతో కూడా ఇవి చేయగలడా? ప్రమాదం జరిగిన రోజున బిడ్డ ఈత దుస్తులు వేసుకుని ఉండడు.

చేర్పించే ముందు చూడవలసినవి

శిక్షకుడు వేరు, ప్రాణరక్షకుడు వేరు. పాఠం చెబుతున్న వ్యక్తి కొలను మొత్తాన్ని గమనించలేడు. నీటి మీద దృష్టి నిలపడమే పనిగా ఉన్న లైఫ్‌గార్డు శిక్షణ సమయమంతా ఉన్నాడో లేదో చూడాలి. ఒక శిక్షకుడి చేతికి ఇరవై, ముప్పై మంది కొత్త పిల్లలను అప్పగించే శిబిరాన్ని, రుసుము ఎంత తక్కువైనా, వదులుకోవడమే మంచిది.

నీరు తేటగా ఉండి, లోతైన చోట కూడా అడుగు స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగిన బిడ్డా కనిపించదు. లోతు గుర్తులు, లైఫ్‌బాయ్, తాడు, పొడవాటి కర్ర అందుబాటులో ఉండాలి. క్లోరిన్ మోతాదును రోజూ పరీక్షించి నమోదు చేస్తున్నారా అని నిర్వాహకులను అడగవచ్చు. శిక్షకులకు సీపీఆర్ వచ్చునా అన్నది తప్పక అడగాలి.

గాలి నింపి చేతులకు తొడిగే బెలూన్లు ఆట వస్తువులే తప్ప రక్షణ పరికరాలు కావు. నీటి అడుగున ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగపడతారన్న పోటీలను అనుమతించకూడదు. పైకి రాకముందే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మూర్ఛ, ఉబ్బసం, చెవి నుంచి చీము కారడం వంటి సమస్యలున్న పిల్లలను వైద్యుల సలహాతోనే చేర్పించాలి. ఆ వివరాలు శిక్షకుడికి ముందే తెలియాలి.

ఆడపిల్లల విషయంలో పన్నెండేళ్లు రాగానే శిక్షణ మాన్పించే ధోరణి ఇంకా ఉంది. సేంద్రి ఘటనలో మృతులు బాలికలన్న సంగతి మరువరాదు. మహిళా శిక్షకులు, తలుపులు సరిగా ఉన్న దుస్తుల గదులు, తల్లిదండ్రులు కూర్చుని చూసే వీలు ఉన్నాయేమో విచారించాలి. పాఠం చూడనివ్వని చోట పిల్లలను వదలకూడదు.

మునక నిశ్శబ్దంగా జరుగుతుంది

సినిమాల్లో చూపినట్లు మునిగే మనిషి కేకలు వేయడు, చేతులు ఊపడు. ఊపిరికే సమయం చాలని స్థితిలో కేక రాదు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది. తల వెనక్కి వాలుతుంది. చేతులు పక్కలకు నీటిని నొక్కుతుంటాయి. చూసేవారికి ఆడుకుంటున్నట్లే ఉంటుంది. చిన్న పిల్లల్లో ఇదంతా నిమిషంలోపే ముగిసిపోవచ్చు. నలుగురు పెద్దలున్న చోట "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అనుకోవడం వల్ల చివరికి ఎవరూ చూడకుండా పోతారు. ఫోను పక్కన పెట్టి నీటినే గమనించే బాధ్యతను వంతుల వారీగా ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి.

ఒకరిని రక్షించబోయి ఇద్దరు ముగ్గురు ప్రాణాలు కోల్పోయారన్న వార్తలు మాకు తరచూ వస్తుంటాయి. పిల్లలకు నేర్పవలసిన మొదటి రక్షణ సూత్రం నీటిలోకి దూకవద్దన్నదే. ముందు గట్టిగా కేక వేసి పెద్దలను పిలవాలి. ఒడ్డున పడుకుని కర్రో, చున్నీయో అందించాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరినా పట్టుకుని తేలడానికి ఆసరా అవుతుంది.

బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం ఇప్పటికీ చూస్తున్నాం. వీటివల్ల విలువైన క్షణాలు వృథా అవుతాయి. స్పృహ, శ్వాస లేకుంటే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి ముందుగా నోటి ద్వారా ఊపిరి అందించి, ఆపై ఛాతీని నొక్కుతూ సీపీఆర్ కొనసాగించాలి. మరొకరు 108కు గానీ 112కు గానీ ఫోను చేయాలి. తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

కుటుంబంతో తీరని బాధ్యత

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023లో మునక మరణాల నివారణకు వ్యూహాత్మక ప్రణాళికను ప్రకటించింది. ఐక్యరాజ్య సమితి 2021లో తీర్మానించిన మేరకు జులై 25న ప్రపంచ మునక నివారణ దినం జరుగుతోంది. బిలాస్‌పూర్‌కు అది వానలు ఊపందుకునే కాలం. పాఠశాలలు ఆ వారంలో ఒక గంట జల భద్రతకు కేటాయించినా మేలు జరుగుతుంది. తేలడం నేర్పడానికి కొలను కావాలి. గోతి ఉన్న రేవుకు వెళ్లవద్దని, కర్ర అందించి కాపాడమని నేర్పడానికి తరగతి గది చాలు.

పట్టణంలో ఉన్న కొలనుల్లో వారానికి కొన్ని గంటలు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఉచితంగా కేటాయించే విషయాన్ని రైల్వే, నగరపాలక సంస్థలు పరిశీలించవచ్చు. చెరువులకు పేరుపొందిన రతన్‌పూర్ ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరమే. వెదురు వేదికలతో ఊరి చెరువునే పాఠశాలగా మార్చిన బంగ్లాదేశ్ పద్ధతి ఈ నేలకు పరాయిది కాదు. అయితే ఏటి గర్భంలో గోతులు తవ్వి వదిలేస్తుంటే ఎంత శిక్షణ ఇచ్చినా ఫలితం పరిమితమే. తవ్వకాల నియంత్రణ, గోతుల పూడ్చివేత, రేవుల వద్ద హెచ్చరిక ఫలకాలు పిల్లల ప్రాణరక్షణ చర్యలుగా సాగాలి.

తల్లిదండ్రులు తామూ నేర్చుకోవచ్చు. 2021లో పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ గోలి శ్యామల నడివయసులోనే ఈత మొదలుపెట్టారు. అంత దూరం ఈదవలసిన అవసరం మనకు లేదు. ఈ వేసవిలో బిడ్డను కొలనుకు తీసుకువెళ్లే తండ్రి, జూన్‌లో తొలి వాన పడిన మర్నాడు ఆ బిడ్డను వెంటబెట్టుకుని అర్పా ఒడ్డుకు వెళ్లాలి. నీరు ఎక్కడ నిలిచిందో, ఎక్కడికి వెళ్లకూడదో చేయి పట్టుకుని చూపించాలి. శిబిరంలో దొరకని ఆ పాఠం చెప్పవలసింది ఇంటివారే.